ఆ ఊరి పరుగులో మనమూ

2004 అక్టోబర్ 2, శనివారం. లండన్‌కి నైరుతి దిక్కున టెడింగ్టన్ దగ్గరున్న బుషీ పార్కులో ఆ ఉదయం 13 మంది ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో గుర్తుకోసం ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే వాషర్లనే టోకెన్లుగా చేతికిచ్చారు. ఫలితాలు కాగితం మీద రాసుకున్నారు. తర్వాత అందరూ కలిసి కాఫీ తాగడానికి వెళ్లారు. రుసుము లేదు, బహుమతి లేదు. ఈ ఏర్పాటు చేసినాయన పాల్ సింటన్-హ్యూయిట్. దెబ్బ తగిలి పరుగు ఆగిపోయి, చేతిలో ఉద్యోగం కూడా లేని రోజుల్లో, వారానికోసారైనా స్నేహితుల మొహాలు చూడాలని ఆయన పెట్టుకున్న వ్యాపకం అది.

ఆయన ఇంగ్లండ్‌లో పుట్టిన మనిషి కాదు. ఇప్పుడు జింబాబ్వే అంటున్న దేశంలో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, ఆ తర్వాత బ్రిటన్ చేరారు. అలా వేరే దేశం నుంచి వచ్చిన ఒక మనిషి మొదలుపెట్టిన పరుగు ఇవాళ ‘పార్క్‌రన్’ పేరుతో 20కి పైగా దేశాల్లో, 2,000కు పైగా చోట్ల వారం వారం జరుగుతోంది. బతుకుతెరువు కోసం, చదువు కోసం విదేశాలకు వెళ్లిన తెలుగువాళ్లు ఈ పరుగు గురించి తెలుసుకోవడం చాలా అవసరం.

అమెరికాలో గాని, బ్రిటన్‌లో గాని, ఆస్ట్రేలియాలో గాని కొత్తగా కాపురం పెట్టిన తెలుగు కుటుంబం వారమంతా ఆఫీసు, బడి, ఇండియన్ స్టోరు మధ్యే తిరుగుతుంది. శని, ఆదివారాలు వస్తే పుట్టినరోజు విందులు, గుడి, తెలుగు సంఘం వాళ్ల ఉగాది, సంక్రాంతి సంబరాలు. ఇవన్నీ కావలసినవే. ఊరుగాని ఊళ్లో మనిషికి సొంత భాషే మొదటి ఆసరా. అయితే అయిదేళ్లు, పదేళ్లు గడిచినా పక్కింటివాళ్ల పేరైనా తెలియని ఇళ్లు చాలానే ఉన్నాయి. మన యాస వాళ్లకు అర్థమవుతుందో లేదో, మాట కలిపితే ఏమనుకుంటారో అన్న బెరుకే దీనికి కారణం. ఊరి పరుగు ఆ బెరుకును పోగొడుతుంది. అక్కడ మాట్లాడటానికి విషయం వెతుక్కోనక్కర్లేదు. వాన, చలి, రొప్పు తెప్పించే ఎత్తు, పట్టేసిన పిక్క, ఏదో ఒకటి మాట కలుపుతుంది. ఆయాసపడుతున్న ఇద్దరి మధ్య ఉద్యోగ హోదాలూ, వీసా వివరాలూ రావు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. మెడలో పతకంతో లండన్, న్యూయార్క్ మారథాన్ల ఫొటోలు చూసి, పరుగంటే అదేననుకుంటారు. 2026 లండన్ మారథాన్‌లో చోటు కోసం లాటరీకి 11 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. బోస్టన్‌లో పరిగెత్తాలంటే ఎక్కువమంది ముందు మరో మారథాన్‌ను వయసుకు తగ్గ నిర్ణీత సమయంలో పూర్తిచేసి అర్హత చూపించాలి. వాటి గొప్ప వాటిదే. ఉంటున్న ఊరు మనదనిపించాలంటే మాత్రం ఇంటికి పది నిమిషాల దూరంలో, అదే పోస్టుమాస్టరూ అదే స్కూలు టీచరూ ప్రతిసారీ కనిపించే చిన్న పరుగే కావాలి.

పార్క్‌రన్ పద్ధతి చాలా తేలిక. వెబ్‌సైట్లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే ఒక బార్‌కోడ్ వస్తుంది. జీవితాంతం అదే. లీడ్స్‌లో తీసుకున్న బార్‌కోడ్ మెల్‌బోర్న్‌లోనూ, సింగపూర్‌లోనూ, అమెరికాలోనూ పనిచేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో శనివారం ఉదయం 9 గంటలకు మొదలవుతుంది, స్కాట్లండ్‌లో 9.30కి. ఎండ తీవ్రత వల్ల ఆస్ట్రేలియాలో ఇంకా ముందే కానిచ్చేస్తారు. పరుగుకు ముందు కొత్తవాళ్లను పక్కకు పిలిచి దారి ఎలా ఉంటుందో, మలుపులు ఎక్కడో చెబుతారు. ముగింపు గీత దాటగానే ఒక టోకెన్ ఇస్తారు. టోకెన్‌నీ మన బార్‌కోడ్‌నీ వలంటీరు స్కాన్ చేస్తారు. టోకెన్ తిరిగి ఇచ్చేయాలి. పొరపాటున ఇంటికి పట్టుకెళితే తర్వాతి వారం లెక్క తప్పుతుంది. మధ్యాహ్నానికల్లా ఎంతసేపట్లో పూర్తిచేశారో ఈమెయిల్ వస్తుంది.

దీన్ని నడిపేది వలంటీర్లే. గడియారం పట్టుకునేవాళ్లు, మలుపుల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు, టోకెన్లు పంచేవాళ్లు, అందరూ ఆ చుట్టుపక్కల కాపురముండేవాళ్లే. అందరికంటే వెనక నడవడానికే ఒక వలంటీరు ఉంటారు. టెయిల్ వాకర్ అంటారు. ఆఖరి స్థానం ఆ మనిషిదే కాబట్టి, పరుగుకు వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. బరువు ఎక్కువనో, వయసు మీద పడిందనో, నలుగురూ నవ్వుతారనో జంకే వాళ్లకు ఇంతకంటే మర్యాదైన ఆహ్వానం ఉండదు. నడిచి పూర్తిచేసినా పరుగు పూర్తిచేసినట్టే. 50 నిమిషాలు, గంట పట్టినా అడిగేవాళ్లు లేరు.

ఉచితం అన్న నియమం మీద నిర్వాహకులు గట్టిగా నిలబడ్డారు. 2016లో బ్రిస్టల్ దగ్గర స్టోక్ గిఫర్డ్ స్థానిక సభ, పార్కు దారుల నిర్వహణకు డబ్బు ఇవ్వాలని తీర్మానించింది. పార్క్‌రన్ ఒప్పుకోలేదు. అక్కడి పరుగునే ఆపేసుకుంది గాని టికెట్ మాత్రం పెట్టలేదు. 2018లో బ్రిటన్ కుటుంబ వైద్యుల సంస్థ, రాయల్ కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్, పార్క్‌రన్‌తో చేయి కలిపింది. అప్పటి నుంచి అక్కడి క్లినిక్కులు తమ పేషెంట్లను దగ్గర్లోని పార్క్‌రన్‌కు వెళ్లమని ప్రోత్సహిస్తున్నాయి.

ఈ వైద్య సలహాను మనవాళ్లు మరింత శ్రద్ధగా వినాలి. దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు గుండెజబ్బులు, మధుమేహం మిగతా వారికన్నా చిన్న వయసులో, తక్కువ బరువు దగ్గరే వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు మనవాళ్ల విషయంలో బాడీ మాస్ ఇండెక్స్ 23 దాటగానే జాగ్రత్త పడమంటాయి. మిగతావాళ్లకు ఆ గీత 25. రోజంతా కుర్చీలో కూర్చుని, రాత్రి ఎనిమిదికి అన్నం తినే సాఫ్ట్‌వేర్ జీవితానికి వారానికో ఉదయం పార్కు పట్టడం మందుబిళ్లకంటే ముందు వేసుకోవాల్సిన మందు.

అమెరికాలో దారి కొంచెం వేరు. పార్క్‌రన్ అక్కడికి 2012లో మిషిగన్‌లోని లివోనియాతో చేరింది గాని, ఊరూరా పాతుకుపోయినవి పండగ పరుగులు. థాంక్స్‌గివింగ్ ఉదయాన జరిగే వాటిని ‘టర్కీ ట్రాట్’ అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో ఈ పరుగు 1896లో ఆరుగురితో మొదలైంది. బోస్టన్ మారథాన్ కంటే ఏడాది పెద్దది. మధ్యాహ్నం విందుకు ముందు కుటుంబాలు కలిసి పరిగెడతాయి. చాలాచోట్ల పేదల ఆహార నిల్వకు డబ్బా తిండి తెచ్చివ్వమంటారు. బంధువులంతా ఇండియాలో ఉండి ఆ రోజు ఇంట్లో ఏం చేయాలో తోచని తెలుగు కుటుంబాలకు ఊరివాళ్ల పండగలో అడుగుపెట్టడానికి అదే మంచి అదను.

అట్లాంటాలో జులై 4న జరిగే పీచ్‌ట్రీ రోడ్ రేస్ కథ ఇంకా పెద్దది. ఆల్ఫరెటా, కమ్మింగ్, జాన్స్‌క్రీక్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది సొంత ఊరి పరుగే. 1970లో 110 మందితో మొదలైంది. ఇప్పుడు 50 వేలకు పైగా జనం 10 కిలోమీటర్లు పరిగెత్తే పోటీ. పొద్దున్నే మార్టా రైలెక్కి లెనాక్స్ స్టేషన్లో దిగేసరికే బోగీ నిండా నంబర్లు అంటించుకున్న మనుషులే. మొదటి సగం దారి పల్లంలోకి జారుతూ ఉంటుంది. ఆ హుషారులో వేగం పెంచినవాళ్ల పని సగం దాటాక ‘కార్డియాక్ హిల్’ పడుతుంది. గుండె పేరు పెట్టుకున్న ఆ ఎత్తు పీడ్‌మాంట్ ఆసుపత్రి వైపు ఎక్కిస్తుంది. దారిలో సెయింట్ ఫిలిప్ కెథడ్రల్ ముందు మతాచార్యులు పరుగు తీసేవాళ్ల మీద పవిత్ర జలం చల్లుతారు. వెన్నెముక గాయాలకు చికిత్స చేసే షెపర్డ్ సెంటర్ ముందు పేషెంట్లు చక్రాల కుర్చీల్లో కూర్చుని చూస్తుంటారు. చక్రాల కుర్చీ పోటీ కూడా ఈ పరుగులో భాగమే. పీడ్‌మాంట్ పార్కులో గీత దాటినవాళ్లకే టీషర్టు. ఆ ఏటి బొమ్మ ఏమిటో అప్పటిదాకా రహస్యం. దుకాణంలో కొనడానికి దొరకని ఆ చొక్కాను అట్లాంటావాళ్లు ఏళ్ల తరబడి దాచుకుంటారు.

జులైలో జార్జియా ఉక్క విజయవాడవాళ్లకు కొత్త కాదు గాని, ఉక్కలో పరిగెత్తడం కొత్త. ఇలాంటి పోటీల్లో ఎండ, తేమ ఎంత ప్రమాదమో జెండా రంగుతో తెలియజేస్తారు. ఆకుపచ్చ అయితే మామూలు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే వేగం బాగా తగ్గించాలి, నలుపు అయితే పరుగు ఆపేయాలి.

కెనడాలో జరిగేది పోటీ కాదు. సెప్టెంబర్ వస్తే టొరంటో, బ్రాంప్టన్ బడుల్లో చదివే తెలుగు పిల్లలు ఇంటికొచ్చి రెండు డాలర్ల నాణెం అడుగుతారు. అది టెర్రీ ఫాక్స్ పేరు మీద ఇచ్చే చందా. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోగొట్టుకున్న ఆ కుర్రాడు, 21 ఏళ్ల వయసులో, 1980 ఏప్రిల్ 12న దేశం తూర్పు కొసనున్న సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలితో బయలుదేరాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం. కెనడాలో ప్రతి మనిషీ ఒక్క డాలరు ఇస్తే క్యాన్సర్ పరిశోధనకు చాలునన్నది ఆయన ఆశ. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక థండర్ బే దగ్గర క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినట్టు తేలింది. పరుగు ఆగింది. చందాలు ఆగలేదు. కొద్ది నెలల్లోనే 2.4 కోట్ల డాలర్లు దాటాయి; అప్పటి కెనడా జనాభా కూడా అంతే. 1981 జూన్‌లో ఆయన చనిపోయారు, ఆ సెప్టెంబర్‌లోనే మొదటి టెర్రీ ఫాక్స్ రన్ జరిగింది.

ఈ పరుగులో విజేత ఉండరు, సమయం లెక్కపెట్టరు. నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, బిడ్డను బండిలో కూర్చోబెట్టి తోయొచ్చు. తన పేరు చెప్పి ఎవరూ వ్యాపారం చేయకూడదని టెర్రీ గట్టిగా కోరుకున్నాడు. ఆ మాటను ఇప్పటికీ నిలుపుతున్నారు. కొత్తగా వచ్చిన కుటుంబం పాఠ్యపుస్తకం కన్నా ముందు ఈ పరుగు ద్వారానే ఆ దేశపు మనసును తెలుసుకుంటుంది. పిల్లలతోపాటు అమ్మానాన్నలూ వెళ్లాల్సిన చోటు ఇది.

గల్ఫ్‌లో పరిస్థితి అంత సులువు కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సెలవురోజు నిద్రే విలువైనది. అయినా దుబాయిలో 2019 నుంచి ఏటా నవంబర్‌లో జరిగే ‘దుబాయ్ రన్’ వాళ్లకూ అందుబాటులో ఉన్న పండగ. రుసుము లేదు. మామూలు రోజుల్లో కార్లు తప్ప మనిషి అడుగుపెట్టలేని షేక్ జాయెద్ రోడ్డును ఆ ఉదయం మూసేసి, 5, 10 కిలోమీటర్ల దారులుగా జనానికి వదిలేస్తారు. కంపెనీ యజమానీ, సైట్‌లో పనిచేసే మేస్త్రీ ఒకే రోడ్డు మీద ఒకే రంగు టీషర్టులో నడిచే రోజు అది. మనవాళ్లలో నలుగురు కూడబలుక్కుంటే ఒక గది మొత్తం కదలొచ్చు.

సిడ్నీలో ఉంటున్నవాళ్లకు ఆగస్టులో సిటీ టు సర్ఫ్ ఉంది. 1971 నుంచి నడుస్తున్న ఈ 14 కిలోమీటర్ల పరుగు నగరం నడిబొడ్డున మొదలై బాండై సముద్రతీరంలో ముగుస్తుంది. మధ్యలో ‘హార్ట్‌బ్రేక్ హిల్’ అనే పొడవైన ఎత్తు ఉంది. మొదటిసారి పరిగెత్తేవాళ్లు అక్కడ నడవడమే మంచిది.

పరుగు మొదలుపెట్టడానికి వయసు దాటిపోయిందనుకునేవాళ్లకు ఫౌజా సింగ్ పేరు చెప్పాలి. పంజాబ్ రైతు. 1990ల్లో భార్యనూ, ఆ తర్వాత కొడుకునూ పోగొట్టుకున్నారు. లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో ఇంగ్లిష్ రాని వృద్ధుడిగా ఉండిపోవాల్సిన మనిషి, దుఃఖం మరవడానికి పరుగు పట్టుకున్నారు. శిక్షకుడి దగ్గరకు మొదటిసారి సూటు వేసుకుని వెళ్లారని చెబుతారు. 2000లో, 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పూర్తిచేశారు. 2011లో టొరంటోలో 100 ఏళ్ల వయసున 8 గంటల 11 నిమిషాల్లో మరో మారథాన్. జనన ధ్రువపత్రం లేక గిన్నిస్ రికార్డు రాలేదు. ఆయన పుట్టిననాటి ఊళ్లలో అలాంటి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి? 2025 జులైలో స్వగ్రామం దగ్గర కారు ఢీకొని కన్నుమూసే నాటికి ప్రపంచంలో పరుగు తెలిసినవాళ్లందరికీ ఆయన తలపాగా తెలుసు.

బట్టల విషయంలో సందేహించే మహిళలూ ఉంటారు. పొట్టి దుస్తులు వేసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. 2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్ మారథాన్‌ను అక్కడే ఉంటున్న ఒడిశా మహిళ ఒకరు సంబల్‌పురీ చీర కట్టుకుని 4 గంటల 50 నిమిషాల్లో పూర్తిచేశారు. చీర అందరికీ కుదరదు గాని, లెగ్గింగ్స్ మీద పొడవు చేతుల చొక్కా, చున్నీ లేని కుర్తా, ఏదైనా సరే. బూట్ల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఆఫీసుకు వేసుకునే స్నీకర్లు పరుగుకు పనికిరావు. దుకాణంలో సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బిన వేళ వేసి చూసుకుని, బొటనవేలి ముందు కొంత జాగా ఉండేలా కొనుక్కోవాలి.

ఎప్పుడూ పరిగెత్తనివాళ్లు ‘కౌచ్ టు 5కె’ పద్ధతి పట్టుకుంటే సరిపోతుంది. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ రూపొందించినది ఇది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ దీన్ని ఉచిత యాప్‌గా ఇస్తోంది. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక చొప్పున 20 నిమిషాలు. ఆఖరి వారానికి ఆగకుండా అరగంట. మధ్యలో ఒక వారం కష్టమనిపిస్తే అదే మళ్లీ చేయాలి గాని మానేయకూడదు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసు గుండెపోటు చరిత్ర ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

రుసుము కట్టే పోటీల్లో కొన్ని మర్యాదలున్నాయి. ఛాతీకి పిన్నులతో పెట్టుకునే నంబరు కాగితాన్ని బిబ్ అంటారు. చాలా పోటీల్లో సమయం లెక్కించే చిప్ దాని వెనకే అంటించి ఉంటుంది కాబట్టి మడవకూడదు. వెనకవైపు ఆపదలో పిలవాల్సిన వాళ్ల ఫోన్ నంబరు, మందుల అలర్జీలు రాసుకోవాలి. ఆఖరి నిమిషంలో రాలేకపోయిన స్నేహితుడి బిబ్ పెట్టుకుని పరిగెత్తడం మనవాళ్లలో కొందరు చిన్న విషయం అనుకుంటారు. అది తప్పే కాదు, ప్రమాదం కూడా. దారిలో స్పృహ తప్పితే వైద్య సిబ్బంది వేరే మనిషి వివరాలు చూసి చికిత్స చేస్తారు. తుపాకీ పేలిన క్షణం నుంచి లెక్కించేది గన్ టైం, మనం ఆరంభ గీత దాటిన క్షణం నుంచి లెక్కించేది చిప్ టైం. కాబట్టి ముందు వరసలోకి తోసుకోనక్కర్లేదు. నడిచేవాళ్లు వెనక మొదలుపెట్టి, ఒక పక్కగా నడవాలి. నలుగురు వరసగా దారంతా ఆక్రమించకూడదు.

చలి దేశాల్లో మొదటి ఏడాది అందరూ మందపాటి స్వెటర్‌తో వెళ్లి రెండో కిలోమీటర్లోనే ఉడికిపోతారు. పరుగులో ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి, బయటి చలికి పది డిగ్రీలు కలుపుకుని ఆ వేడికి తగ్గ బట్టలు వేసుకోవాలి. పలుచటి చొక్కా మీద మరో పలుచటి చొక్కా, చేతులకు తొడుగులు, చెవులకు టోపీ. నూలు బట్ట చెమటను పట్టేసి చలి పుట్టిస్తుంది కనుక వద్దు. మంచు గడ్డకట్టిన ఉదయం పరుగు రద్దయిందేమో చూసుకునే బయలుదేరాలి. పరుగు రోజున కొత్త తిండి, కొత్త బూట్లు వాడకూడదు. గంటన్నర ముందు ఒక అరటిపండు చాలు.

పిల్లలను చూడటానికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను కూడా వెంట తీసుకెళ్లాలి. ఆరు నెలలు నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ గడపడం వాళ్లకు శిక్షే. ఉదయపు నడక వాళ్లకు ఊళ్లో అలవాటున్నదే. పార్క్‌రన్‌లో వాళ్లూ పేరు నమోదు చేసుకోవచ్చు, నడవొచ్చు. తిరిగి వెళ్లాక మళ్లీ వచ్చినప్పుడు అదే బార్‌కోడ్ పనికొస్తుంది. అమెరికాలాంటి చోట మాత్రం వాళ్లకు వైద్య బీమా ఉందో లేదో ముందు చూసుకోవాలి. చిన్నపిల్లలకు బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల్లో ఆదివారం ఉదయం రెండు కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ ఉంటుంది, 4 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. శనివారపు పరుగులో అయితే 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల చేతికి అందే దూరంలోనే ఉండాలి.

తానా వంటి తెలుగు సంఘాలు కూడా అప్పుడప్పుడు 5కె నడకలు, పరుగులు పెడుతుంటాయి. అవి మంచి ఆరంభం. అక్కడితో ఆగకుండా ఆ బృందం బృందమంతా ఊరి పరుగులోకి కదలాలి. ఇంకో మెట్టు పైకెక్కి ఫ్లోరసెంట్ జాకెట్ వేసుకుని వలంటీరుగా నిలబడాలి. పరిగెత్తేవాళ్లు నిమిషంలో దాటిపోతారు గాని, మలుపు దగ్గర నిలబడ్డ మనిషి గంటసేపట్లో ఊరందరి మొహాలూ చూస్తాడు. వచ్చే వారం సూపర్ మార్కెట్లో వాళ్లే ముందుగా పలకరిస్తారు. ఈ పనికి శిక్షణ పది నిమిషాల్లో ఇస్తారు, ఇంగ్లిష్ గొప్పగా రానక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్నా ఫర్వాలేదు. ప్రతి పరుగుకూ ప్రతి వారం మనుషులు కావాలి. విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఈ వారమే తమ ఊళ్లో పరుగు ఎక్కడ జరుగుతుందో కనుక్కుని, నిర్వాహకులకు ఒక ఈమెయిల్ రాయండి.